మూడింటి టీకి ఒంటిగంటకే

మెన్నో పొప్పింగాకి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి మీద చాడీలు చెప్పే అలవాటు అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే రోగం. ఎక్కడికైనా ముందే వచ్చేస్తాడు. కాస్త ముందు కాదు, పిలిచినవాళ్లు ఇంకా స్నానం చెయ్యకముందే వచ్చేంత ముందు.

నోర్డ్‌డైక్ రేవు దగ్గర డిర్క్సెన్ గారి లాండ్రీలో అతను వ్యాను డ్రైవరు. దీవుల్లోని వసతిగృహాల దుప్పట్లూ టేబుల్ గుడ్డలూ ఉతికి, ఇస్త్రీ చేసి పడవకి అందించే లాండ్రీ అది. పడవ ఆటుపోట్లని బట్టి కదులుతుంది, రోజుకో వేళ. కాబట్టి డ్రైవరు ఓ అరగంట ముందుంటే మంచిదే. మెన్నో మాత్రం పడవ రాకముందే కాదు, పోటు నీళ్లు రాకముందే వెళ్లి, బురదకేసి చూస్తూ కూర్చునేవాడు.

"ఎందుకింత తొందర?" అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"దారిలో ఏమైనా అయితే?"

అతని ఇంటికీ లాండ్రీకీ మధ్య దారి మూడొందల గజాలు. ముప్ఫయ్యేళ్లలో ఆ దారిలో జరిగిన ఘోరం ఒక్కటే. ఒకసారి బాతు అడ్డొచ్చింది.

ఈ రోగం వల్ల అందరికన్నా ఎక్కువ సిగ్గుపడింది హిల్కే ఎన్నెన్. అదే లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర ఏడేళ్లు పనిచేసింది. నలభయ్యో పుట్టినరోజుకి అందరినీ సాయంత్రం నాలుగింటికి పిలిస్తే, పొద్దున్న పదింటికే గంట మోగింది. తల నిండా క్లిప్పులతో, మొహం నిండా క్రీముతో తలుపు తీసింది.

"మెన్నో! నాలుగింటికి కదా రమ్మన్నాను!"

"తెలుసు. దారిలో ఏమైనా అయితే?"

"ఇంతకీ ఏమైంది?"

"ఏమీ కాలేదు. అందుకే వచ్చేశాను."

ఇంట్లో ఒంటరిగా ఇరవైమందికి వండుతున్న మనిషి ఆమె. ఒళ్లు మండి, ఆలుగడ్డల గంప అతని ముందుకి తోసింది. మెన్నో గంపంతా తొక్క తీశాడు. అది అయ్యాక, ఊగుతున్న కుర్చీ కాలికి మేకు కొట్టాడు. నాలుగింటికి వచ్చినవాళ్లంతా ఆ సంగతి విని పడీపడీ నవ్వారు. హిల్కే వాళ్ల అమ్మ పోయినప్పుడైతే శ్మశానంలో గొయ్యి తవ్వేవాడికన్నా ముందే వచ్చాడు. ఊరు ఏడాదిపాటు చెప్పుకుంది. పోయినామెకన్నా మెన్నోకే తొందరెక్కువైందట.

అలాంటి మనిషితో హిల్కేకి అసలు పని పడింది ఆమె లాండ్రీ మానేసిన ఏడాది, వేసవి తరవాత. యూరోలు రాక, ఇంకా మార్కులే డబ్బుగా చెల్లుతున్న రోజులవి.

మణికట్లు అరిగిపోయి ఆమె జూన్‌తో పని మానేసింది. బడి వంటశాలలో కొత్త పని అక్టోబరులో గానీ మొదలవదు. డిర్క్సెన్ గారు ఆఖరి నెల జీతమూ, వాడుకోని సెలవుల డబ్బూ ఆపేశారు. మొత్తం రెండువేల మూడొందల మార్కులు. కారణం, ఒక వసతిగృహం తాలూకు నలభై టేబుల్ గుడ్డలు కనిపించడం లేదట. ఆఖర్న ఇస్త్రీ చేసింది హిల్కే. "అది తేలనీ, ఇచ్చేస్తాలే" అన్నారు.

ఆమె ఇంటి వెనక చలికాలపు నూనె పోసుకునే తొట్టి ఒకటుంది. ఇల్లు వెచ్చబడాలన్నా, స్నానానికి నీళ్లు కాగాలన్నా అందులో నూనె ఉండాలి. హిల్కే రోజూ పొద్దున్నే వెళ్లి దాన్ని వేళ్లతో తట్టేది. జులైలో నడుమ దాకా నిండుగా పలికేది. ఆగస్టులో మోకాలి దాకా. సెప్టెంబరు వచ్చేసరికి ఎక్కడ తట్టినా డొల్లే. నూనె లారీవాడు అరువు ఇవ్వడు. గాలి అప్పుడే సముద్రం మీంచి మొదలైంది.

"వెళ్లి అడగొచ్చుగా?" అని ఎవరికైనా అనిపిస్తుంది. అడగడానికే వెళ్లింది, మూడుసార్లు. కానీ డిర్క్సెన్ గారు కోప్పడే మనిషి కాదు. అంతకన్నా ప్రమాదం. టీ పోసే మనిషి.

ఆ తీరంలో టీ అంటే మూడు కప్పులు. కప్పులో పటికబెల్లం ముక్క, దాని మీద చిటపటమంటూ వేడి టీ, అంచు వెంబడి మబ్బులా జారే మీగడ. కలపకూడదు. మొదటి కప్పు దగ్గర పని మాట ఎత్తితే మొరటు మనిషి అంటారు. రెండో కప్పు దగ్గర గాలీ వానా గురించి మాట్లాడాలి. మూడో కప్పు దగ్గర ఒంట్లో ఎలా ఉందో చెప్పుకోవాలి. అది కాగానే కప్పులో చెంచా పెడితే చాలని అర్థం. పెట్టనంతసేపూ ఇంటివాళ్లు పోస్తూనే ఉండాలి. అలాగని మూడయ్యాక కూడా పెట్టకుండా కూర్చోవడం అంతకన్నా మొరటు. హిల్కే పద్ధతిగా పెరిగిన మనిషి. మూడో కప్పు కాగానే చెంచా పెట్టేది. డిర్క్సెన్ గారు లేచి, "వస్తూ ఉండు హిల్కే, నువ్వు మా ఇంటి మనిషివి" అని తలుపు దాకా సాగనంపేవారు. వీధిలోకి వచ్చాక గానీ తెలిసేది కాదు, డబ్బు మాట ఎత్తడానికి సందే దొరకలేదని.

సెప్టెంబరు నడుమ పక్క ఊరు ఎమ్డెన్‌లో కార్మిక సంఘం ఆఫీసుకి వెళ్లింది. అక్కడి పెద్దావిడ హిల్కే పని ఒప్పందం కాగితం తిరగేసి, ఆఖరి పేజీలో చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది చదివావా అమ్మా?"

"లేదండీ."

"ఎవరూ చదవరు. రావలసింది పని మానిన మూడు నెలల్లోపు రాసి అడగాలి. ఈ నెల ముప్పై దాటిందా, ఆ డబ్బు మరిచిపో."

"మరి ఆ టేబుల్ గుడ్డలు?"

"అది వేరే తగాదా. అవి పోయాయనీ, నీ తప్పు వల్లే పోయాయనీ ఆయన రుజువు చెయ్యాలి. తేలేదాకా నువ్వు చేసిన పనికి జీతం తొక్కిపెట్టుకుని కూర్చోవడానికి లేదు. ఉత్తరం ఇదిగో, రాసిచ్చాను. పోస్టులో పడెయ్యి."

"ఏడేళ్లు వాళ్లింట్లో టీ తాగానండీ. పోస్టులో ఎలా పంపను?"

"అయితే చేతికిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకో" అంది పెద్దావిడ, కళ్లజోడు తీస్తూ.

ఉత్తరం సంచిలో పెట్టుకుని నాలుగోసారి వెళ్లింది. మూడు కప్పులు తాగింది. ఉత్తరం సంచిలోనే తిరిగొచ్చింది.

ఇరవైతొమ్మిదో తారీఖు. ఇక పోస్టుకి కూడా వేళ లేదు. ఫోను చేస్తే డిర్క్సెన్ గారు, "రేపు మూడింటికి రా, టీ తాగుదాం" అన్నారు. హిల్కే వెళ్లి రేవు గట్టు మీద కూర్చుంటే, రేపటి పడవ కోసమో ఏమో, మెన్నో అక్కడే ఉన్నాడు. ఆపుకోలేక మొత్తం చెప్పేసింది.

"మళ్లీ టీ పోస్తాడు మెన్నో. నేను మళ్లీ తాగేసి వచ్చేస్తాను. నాకు తెలుసు."

మెన్నో బురద మీంచి చూపు తిప్పాడు. "మూడింటికేనా?"

"అవును. ఎందుకు?"

"ఊరికే."

మర్నాడు మూడింటికి డిర్క్సెన్ గారి గేటు ముందు లాండ్రీ వ్యాను కనిపించింది. ఇవాళే రావాలా ఈ మనిషి! ఇతని ముందు డబ్బు అడగడమెలా? వెనక్కి తిరిగిపోదామనుకుంది. తొట్టి డొల్ల చప్పుడు చెవిలో మోగింది. గంట నొక్కింది.

లోపల టేబుల్ దగ్గర మెన్నో కర్రలా కూర్చుని ఉన్నాడు. మొహం కందగడ్డ. నుదుటి మీద చెమట. రెండు కాళ్లూ ఒకదానికొకటి గట్టిగా నొక్కుకుని ఉన్నాయి. చెంచా కప్పులో లేదు, పక్కన గుడ్డ మీద ఉంది. ఎదురుగా డిర్క్సెన్ గారు రెండు గంటల వాన గాలి కబుర్లకి వాడిపోయి ఉన్నారు.

"ఒంటిగంటకి వచ్చాడు" అంది డిర్క్సెన్ గారి భార్య గ్రేట్యే, నీరసంగా. "ఇది పదిహేడో కప్పు."

"నిన్నెవరు పిలిచారు మెన్నో?" అంది హిల్కే.

"వచ్చే సోమవారం టీకి రమ్మన్నారు" అన్నాడు మెన్నో. "దారిలో ఏమైనా అయితేనని."

ఆ రోజు గురువారం.

డిర్క్సెన్ గారు ప్రాణం లేచొచ్చినట్టు కూజా అందుకున్నారు. "కూర్చో హిల్కే, కూర్చో. ముందు టీ..." వంచారు. రెండు చుక్కలు పడ్డాయి. "గ్రేట్యే, ఇంకాస్త పెట్టు."

"పొడి అయిపోయింది."

"ఉత్త పాలైనా..."

"లేవు. పటికబెల్లం డబ్బా కూడా ఖాళీ. పొద్దుటినుంచీ... కాదు, ఒంటిగంట నుంచీ అడుగంటా నాకేశాడు."

డిర్క్సెన్ గారు కూజా కింద పెట్టారు. ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక బల్ల మీద అటూ ఇటూ వెతుక్కున్నాయి. కూజా లేకుండా ఆ మనిషిని హిల్కే ఏడేళ్లలో మొదటిసారి చూస్తోంది. ఇంతేనా ఈయన, అనిపించింది. మొదటి కప్పు లేదు, రెండోది లేదు, వాన మాటా లేదు. మిగిలిందల్లా అడగవలసింది.

సంచిలోంచి ఉత్తరం తీసింది. ఆయన చేతిలో పెట్టింది.

"డిర్క్సెన్ గారూ, నా ఆఖరి జీతమూ సెలవుల డబ్బూ అడుగుతూ రాశాను. అందినట్టు సంతకం పెట్టండి. ఇవాళ్టి తారీఖుతో."

"ఇదంతా ఎందుకు హిల్కే, మనలో మనకి..."

"మనలో మనకే కాబట్టి పోస్టులో వెయ్యలేదు."

"మరి టేబుల్ గుడ్డలో?"

"అది వేరే తగాదా." అన్నాక తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది.

ఆయన మెన్నోకేసి తిరిగారు. "నువ్వు నా దగ్గర పనిచేసే మనిషివి. ఆర్నెల్లలో పింఛను తీసుకునే మనిషివి. నువ్వేమంటావు?"

"నేనేమంటానండీ" అన్నాడు మెన్నో పళ్ల బిగువున. "ముందొచ్చాను కాబట్టి ఇదంతా చూశాను. కాగితం మీ చేతిలో పడ్డది మూడు దాటి ఆరు నిమిషాలకి. ఎవరడిగినా అంతే చెబుతాను. మీరు మాత్రం సంతకం త్వరగా పెట్టండి. నాకు అట్టే వ్యవధి లేదు."

ఆయన పెట్టారు. సిరా ఆరకముందే మెన్నో చెంచాని కప్పులో ఠంగుమని వేసి, టోపీ కూడా మరిచిపోయి బయటికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం పడవ మూడుసార్లు కూత వేసింది. ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి లాండ్రీ వ్యాను రేవుకి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పడవ మీద జనం రెయిలింగు దగ్గరికి చేరారు.

"ఏమైంది మెన్నో?" అని అరిచాడు కెప్టెను.

"దారిలో అయింది" అన్నాడు మెన్నో హుందాగా. "నాలుగుసార్లు."

పదిరోజుల్లో డబ్బంతా వచ్చింది. కోర్టులో జడ్జి టీ పొయ్యడని డిర్క్సెన్ గారికి తెలుసు. టేబుల్ గుడ్డలు ఇప్పటికీ దొరకలేదు. నూనె లారీ వచ్చి వెళ్లాక హిల్కే తొట్టిని తట్టి చూసింది. పైదాకా నిండుగా పలికింది. ఆ చప్పుడు వింటుంటే ఎందుకో ఆలుగడ్డల గంప గుర్తొచ్చింది, ఆ పుట్టినరోజున నాలుగింటికల్లా వంట మొత్తం అయిపోవడం గుర్తొచ్చింది. అమ్మని పూడ్చిన రోజు వాన పడిందనీ, గొయ్యి తవ్వేవాడు ముసలివాడనీ, అయినా అందరూ వెళ్లేసరికి అంతా సిద్ధంగా ఉందనీ కూడా గుర్తొచ్చింది.

ఆదివారం నాలుగింటికి టీకి రమ్మని మెన్నోని పిలిచింది. ఈసారి తెలివిగా పన్నెండింటికే తల దువ్వుకుని సిద్ధమైంది. ఒంటిగంటన్నరకి తలుపు తీస్తే గడప మీద కూర్చుని ఉన్నాడు.

"గంట కొట్టకుండా ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఇంకా వేళ కాలేదుగా."

లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. కొత్త పటికబెల్లం డబ్బా తెరిచింది, చిక్కటి మీగడ పెట్టింది, పొగలు కక్కే కూజా ఎత్తింది. మెన్నో మొహం పాలిపోయింది. గబుక్కున చెంచా తీసి ఖాళీ కప్పులో పెట్టేశాడు.

"అదేంటి? ఒక్కటైనా తాగవా?"

"వద్దు" అన్నాడు మెన్నో, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "ఆలుగడ్డలేమైనా ఉన్నాయా?"