పరదాలు తీసిన కారు

మొన్న నా మనవరాలు దారిలో కొన్న సీతాఫలాలను కారు వెనక సీట్లోనే మరిచిపోయింది. తెల్లవారి తలుపు తీయగానే మాగిన పండ్ల తీపి, వేడెక్కిన సీటు, సన్నగా పెట్రోలు, మూడూ కలిసిన వాసన ముఖానికి తగిలింది. అచ్చంపేట దగ్గరి మా ఊళ్లో, పశువుల కొట్టంలో నిలబడ్డట్టయింది.

అది 1961, దసరా ముందు రోజులు. నాకు తొమ్మిదేళ్లు నిండి రెండు నెలలు. పదేళ్లని మా అన్న అంటాడు గానీ, తప్పు. అడవి కంట్రాక్టులు చేసిన తాత ఆ ఎండాకాలమే పోయాడు. ఆయన నల్లకారు కొడుకైన మా బాపు వంతుకు వచ్చేనాటికే కదలడం మానేసింది. బర్రెల పక్కన నిలిచిన ఆ కారు వెనక సీట్లో గడ్డి పరిచి అవ్వ, అంటే మా నాయనమ్మ, సీతాఫలాలు మాగబెట్టేది. కిటికీలకు ముదురాకుపచ్చ పరదాలు ఉండేవి కనుక లోపలంతా వెచ్చగా, మసకగా ఉండేది. మేం పిల్లలం దాగుడుమూతలాడుతూ ఒక్కో పండూ నొక్కి చూసి, మెత్తబడినవి అక్కడే తిని, గింజలు సీటు సందుల్లోకి ఊదేవాళ్లం. తాత ఉన్నప్పుడు ఆయన ముందు కూర్చునేవాడు, అవ్వ వెనక పరదాల చాటున. పెద్దింటి ఆడవాళ్ల పద్ధతి అది.

బాపుకు ఒకటే చింత. బాయి దగ్గర మోట లాగే ఎద్దులు ముసలివయ్యాయి. కారు అమ్మితే నీళ్లు తోడే ఆయిలింజను వస్తుంది. నడిచినా నడవకున్నా కొంటానన్న మనిషి నాగర్‌కర్నూల్‌లో ఉన్నాడు. కానీ తాత పోయిన యేడే ఆయన కారు అమ్మితే అవ్వ మనసు విరుగుతుందని బాపు భయం. అడగడానికీ భయమే. చివరికి బాగుచేయించి ఉంచుకుందామనుకుని, మహబూబ్‌నగర్ నుంచి మెకానిక్ ఖాసీం మామను పిలిపించాడు.

"ఇంజన్ దిట్టంగున్నది పటేలా. జర సామాన్లేస్తే కొండలెక్కుతది" అన్నాడు ఖాసీం మామ.

"కొండలెందుకు ఖాసీం, ముందుగాల కొట్టం గడప దాటియ్యి" అంది అవ్వ, పండ్ల గంప దించుకుంటూ.

దసరాకు కారు గడప దాటింది. ఆ సాయంత్రం బాపు జమ్మి ఆకు అవ్వ చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, ఎక్కడికి పోదామని అడిగాడు.

"కృష్ణకు. గా పరదాలు తీసెయ్యి. నేను ముందట కూసుంట."

మర్నాడు కొల్లాపూర్ వైపు బయల్దేరాం. రోడ్డు పొడుగునా పూసిన తంగేడు, గుండ్రాళ్ల మధ్య జొన్నచేలు, కారు మోత విని చెదిరిపోయే మేకలు, వాటి వెనక తిట్టుకుంటూ పరుగెత్తే కాపరి. అవ్వ కొంగు జారినా సర్దుకోకుండా ప్రతి ఊరి పేరూ అడిగింది.

"నాయినతోని యేటా గిదే తొవ్వల పోయినవు గదనే అమ్మా!" అన్నాడు బాపు.

"పోయిన. చూడలే."

కృష్ణలో కాళ్లు కడుక్కుని అవ్వ అంది: "ఇగ అమ్ముకో బిడ్డా. బాయికి ఇంజన్ తెచ్చుకో."

బాపు గిర్రున అవ్వ వైపు తిరిగాడు. "నాయిన గుర్తు కదా, నీకు బాధైతదని గదా బాగుచేపిచ్చిన!"

"మీ నాయిన యాదికి గా డబ్బా కావాల్నారా? అడిగితే అప్పుడే చెప్పకపోదునా! అడగంది మంచిదే ఆయె. గీ తొవ్వ చూసిన."

కారు పోయింది, ఇంజను వచ్చింది. పరదాలను అవ్వ సీతాఫలాల గంపల మీద కప్పేది. ఇప్పుడు ఆ కొట్టం లేదు, మోట లేదు; కరెంటు మోటరొచ్చాక ఆ ఇంజనూ లేదు.

"నానమ్మా, వెనక కూర్చుంటే కాళ్లు చాపుకోవచ్చు" అంది మనవరాలు, స్టీరింగు ముందు కూర్చుంటూ.

పండ్లను వెనకే ఉండనిమ్మని చెప్పి, నేను ముందు తలుపు తీశాను.