ఠకఠక మేస్త్రి తియ్యని తలుపు

ఆ తాళాల మేస్త్రి అసలు పేరు చాలామందికి తెలియదు. పేటంతా ఆయన్ని ఠకఠక మేస్త్రి అనేది. ఇంటివాళ్ళే తాళంచెవి పోగొట్టుకుని, సంచులతో గుమ్మం ముందు పడిగాపులు కాస్తున్నా సరే, ఆయన ముందు తలుపు తట్టేవాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, చెవి ఆనించి కాసేపు ఆగేవాడు. ఆ తర్వాతే సంచిలోంచి తాళాలు తీసే ఉక్కు కమ్మీలు బయటికి వచ్చేవి.

"మా ఇల్లే మేస్త్రీ! లోపల బల్లులు తప్ప ఎవరూ లేరు" అని వాళ్ళు విసుక్కుంటే, "బల్లికైనా చెప్పే వెళ్దాం" అనేవాడు.

నవ్వేవాళ్ళు నవ్వుకున్నారు గానీ, ఆ తట్టడం వెనక ఆయన విశ్వాసమంతా ఉంది. మనిషి గొప్ప భక్తుడేం కాదు. ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని, ప్రసంగం సగంలోనే కునికిపాట్లు పడే రకం. కానీ ప్రభువు తలుపు బయట నిలబడి తడతాడన్న మాట మాత్రం ఒకనాడు చెవిన పడి, మళ్ళీ బయటికి పోలేదు. "ఆయన తియ్యలేని తాళముందా చెప్పు? అయినా లోపలివాళ్ళు తీసేదాకా నిలబడతాడట. నాలుగు కమ్మీలు చేతిలో ఉన్నంత మాత్రాన నాకెందుకే అంత పొగరు?" అన్నాడు భార్యతో.

ఆ భార్యకో తమ్ముడున్నాడు. లారీలకు సరుకెత్తే కూలీ. మెడ చూసి జనం గిత్త అని పిలిచేవారు. బయట కోపమొస్తే ఇంట్లో పెళ్ళాం ఒళ్ళు హూనమయ్యేది. చివరికి దవడ విరిగాక ఆమె ఇల్లు వదిలి, ఓ మేడమీద గది అద్దెకు తీసుకుంది. ఆ గదికి ఇనపతలుపు, తాళం బిగించింది మన మేస్త్రే. "నువ్వు తీస్తే తప్ప ఇది తెరుచుకోదు చెల్లీ" అని మాటిచ్చి వచ్చాడు.

ఆ సంగతి గిత్తకు తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఓ మధ్యాహ్నం ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని, చేతిలో ఇనపరాడ్డుతో మేస్త్రి కొట్టుకి వచ్చాడు.

"సామాను తీసుకో బావా. ఆ తలుపు తియ్యాలి."

'అది నావల్ల కాదురా' అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. గిత్త నమ్మేవాడు కూడా, బావ అబద్ధమాడడని ఊరికంతా తెలుసు కాబట్టి. ఆ మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"తియ్యడం వచ్చు. తియ్యను."

మొదటి గుద్దుకే ముక్కు చిట్లింది. కాలర్ పట్టుకుని ఆమె ఉండే మేడ దాకా లాక్కెళ్ళి, మెట్ల మీదుగా పైకి ఈడ్చారు. మెట్టు మెట్టుకీ మోకాళ్ళు కొట్టుకున్నాయి, చొక్కా ముందంతా రక్తం. తలుపు ముందు పడేసి, చేతిలో కమ్మీ పెట్టారు. "కానీ మేస్త్రీ, ముందు నీ ఠకఠక కానీ!" అని వెంట వచ్చిన వాడొకడు ఇకిలించాడు.

మేస్త్రి నిజంగానే తట్టాడు.

"చెల్లీ, నేను. నీ మొగుడొచ్చాడు. ఇంకో ఇద్దరున్నారు. చేతిలో రాడ్డుంది. తలుపు తియ్యొద్దు, పోలీసులకి ఫోన్ చెయ్యి."

గిత్త పిచ్చెత్తినట్టు విరుచుకుపడ్డాడు. డొక్కలో తన్నాడు. జుట్టు పట్టుకుని తలను ఇనపతలుపుకేసి బాదాడు. ఆ చప్పుడు లోపల ఆమె గుండెల్లో పడింది. "ఆపు! అన్నయ్యని చంపకు! తీస్తున్నా, తీస్తున్నా!" అని ఏడుస్తూ తలుపు దగ్గరికి వచ్చింది.

తాళంచెవి కన్నాన్ని వెతుక్కుంటున్న చప్పుడు మేస్త్రి చెవికి తెలిసింది. ఆమె తీస్తే చస్తుంది. లోపలికీ బయటికీ ఒకటే కన్నం అది. చేతిలో కమ్మీని అందులోకి పూర్తిగా దూర్చి, శక్తికొద్దీ మెలితిప్పి, పుటుక్కున విరిచేశాడు. లోపలి తాళంచెవి ఇక దూరలేదు.

"ఏం చేశావురా?" అని గిత్త అరిచాడు.

"ఇప్పుడది నాకూ రాదు" అన్నాడు మేస్త్రి, నోట్లో రక్తం ఉమ్మి.

ఆయన కుడిచేతిని గడప మీద తొక్కిపెట్టి, గిత్త రాడ్డు ఎత్తాడు. వేళ్ళు వేళ్ళుగా మిగలకుండా పోయేదాకా దించుతూనే ఉన్నాడు. తోడొచ్చిన ఇద్దరూ భయపడి పారిపోయారు. ఆమె ఫోన్ అందుకుని పోలీసులు వచ్చేసరికి గిత్త ఒక్కడే ఉన్నాడు, ఇంకా కొడుతూ. ఆమెను బయటికి తేవడానికి తలుపును గ్యాస్‌తో కోయాల్సి వచ్చింది.

మేస్త్రి కోర్టులో జరిగింది జరిగినట్టు చెప్పాడు. గిత్త జైలుకెళ్ళాడు. మేస్త్రి వేళ్ళు వాటికిష్టమొచ్చినట్టు అతుక్కున్నాయి. తాళం లోపలి కదలికను పసిగట్టే ఆ స్పర్శ మళ్ళీ రాలేదు. కొట్లో రెడీమేడ్ తాళాలు అమ్ముకుంటూ రోజులు నెట్టాడు. నిజం చెప్పాలంటే ఆయన గిత్తను క్షమించలేదు. అసహ్యించుకున్నాడు. ప్రార్థనకు కళ్ళు మూస్తే రాడ్డే కనపడేది, కళ్ళు తెరిచేసేవాడు.

శిక్ష ముగిసిందని కబురొచ్చిన వారంలో, వానపడుతున్న సాయంత్రం, తలుపు ఎవరో తట్టారు. బాదలేదు, తట్టారు.

"ఎవరు?"

"నేను బావా."

భార్య గూట్లోని సుత్తి అందుకుంది. "తియ్యకండి. వాడు నా తమ్ముడే, నాకు తెలుసు. చంపేస్తాడు."

"చేతిలో ఏముందిరా?" అన్నాడు మేస్త్రి.

"ఏం లేదు."

నిజమో కాదో తెలిసే దారి లేదు. తియ్యకపోయినా తప్పుపట్టేవాళ్ళు లేరు. మేస్త్రి ఎడమచేత్తో గడియ తీశాడు.

గిత్త తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీగానే ఉన్నాయి. అతని చూపు బావ కుడిచేతి మీద పడి, అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఆరోజు చావబాదినా తియ్యలేదు. ఇవాళ తట్టగానే ఎందుకు తీశావు?"

"అది ఆమె తలుపురా. ఇది నాది. తడిశావు, లోపలికి రా."

గిత్త గడప దాటాడు. అక్క చేతిలో సుత్తి మాత్రం ఇంకా దిగలేదు.