మామ గానుగ మీద నేను వేసిన నింద

అయ్యా, అమ్మా, మీరు భోజనం ముందు కూర్చుని ఉంటే ఈ పుట మూసేసి, చేయి కడుక్కున్నాక తెరవండి. నేను చెప్పబోయేది కక్కూసులో పుట్టి, మా మామ పరువు దాకా పాకిన ప్రళయం. దాన్ని పుట్టించింది నేనే. పైగా అప్పుడు నేను తిరుపతిలో పదో తరగతికి సైన్సు చెప్పే అయ్యవారిని. నవ్వడానికి ఈ ఒక్క ముక్క చాలు గానీ, కాస్త ఓపిక పట్టండి.

నా భార్య రేవతి మా మేనమామ కూతురే. మామ గోవిందప్పకు చంద్రగిరిలో చెక్క గానుగ ఉంది. చుట్టుపక్కల జనం క్యాన్లు పట్టుకొచ్చి, కళ్ల ముందు ఆడించిన శనక్కాయ నూనె పోయించుకుని పోతారు. ఆ నూనెను ఒక్క మాట అంటే మామ అన్నం ముట్టడు.

బావమరిది పెళ్లి నెల ఉందనగా నా పట్టు చొక్కా గుండీలు పెట్టుకోబోతే అందలేదు. పొద్దున్నే నడిస్తే పొట్ట తగ్గుతుందని నాకూ తెలుసు. తెలుసు కాబట్టే ఫోనులో వెతికి, కొవ్వును ఒంటికి పట్టనివ్వని మాత్రలు తెప్పించుకున్నాను. రేవతికి చెప్పలేదు. డబ్బాలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది, ఆ చీమల బారును ఎవరు చదువుతారని పారేశాను. నా సైన్సు బుర్ర మాత్రం ఒక సూత్రం కనిపెట్టింది. కొవ్వు ఒంటికి పట్టనప్పుడు ఎంత తింటే ఏం?

ఆ సూత్రాన్ని జేబులో పెట్టుకుని పెళ్లి పనులకని చంద్రగిరి పోయాను. అత్త సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసింది. నాటుకోడి పులుసు మీద నూనె తేలాడుతోంది. "ఇంకొంచెం పోసేదా అల్లుడా?" అంటే "పొయ్యత్తా, మొహమాటమెందుకు" అన్నాను. రెండు రోజులు పూటపూటకీ అదే సంబరం. ప్రతి పూటా తినే ముందు రహస్యంగా ఒక మాత్ర.

మూడో నాడు పొద్దున కక్కూసులోకి ఉరికాను. అవును, ఉరికాను, నడిచేంత వ్యవధి నా కడుపు ఇవ్వలేదు. పని ముగించుకుని కిందికి చూస్తే నీళ్ల మీద నారింజ రంగు నూనె! మూడు చెంబులు పోసినా కదలదు. పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదంటారే, నా పొట్ట కోస్తే నూనె వచ్చేటట్టుంది.

భయపడ్డ మనిషికి ముందు కావలసింది మందు కాదు, నింద వేయడానికి ఇంకో మనిషి. నేరుగా గానుగ దగ్గరికి పోయాను. అక్కడ ఏడెనిమిది మంది క్యాన్లతో నిలబడి ఉన్నారు.

"మామా! నీ నూనెలో ఏందో కలిసినాది. నా కడుపులో నిలవకుండా అట్లే బయటికొస్తా ఉండాది!"

మామ గానుగ ఆపేశాడు. "ఏందిరా నువ్వు అనేది? కాయ నేనే ఏరినాను, నేనే ఆడించినాను. దీంట్లో ఏం కలుస్తుంది?"

"నేను సైన్సు అయ్యవారిని మామా, నాకు తెలీదా?"

ఆ మాటే కొంప ముంచింది. ఒక పెద్దామె క్యాన్ వెనక్కి లాక్కుంది. "సైన్సయ్యవారే చెప్పినాడంటే ఇంకేముండాదమ్మా, పాండి పోదాం!" మధ్యాహ్నానికి గానుగ ముందు ఈగ కూడా లేదు. మామ చెక్క బల్ల మీద తలొంచుకుని కూర్చున్నాడు. అత్త పిలిచినా అన్నానికి లేవలేదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద తిప్పిన మనిషి.

"బావా, అందరం అదే నూనె తిన్నాం గదా, నీకొక్కడికే ఎందుకైనాది?" అంది రేవతి.

మామ లేచాడు. సీసాలో నూనె పట్టాడు. "పదరా డాక్టరు దగ్గరికి. తప్పు నా నూనెదే అయితే ఈ పొద్దే గానుగ మూసేస్తాను."

డాక్టరమ్మ ముందు మామ, రేవతి, నేను ముగ్గురం కూర్చున్నాం, సీసాతో కలిపి నలుగురం.

"ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

"ఈ పొద్దే."

"కడుపునొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం ఏమైనా ఉన్నాయా? ప్రయత్నించకుండానే బరువు తగ్గారా?"

"ప్రయత్నించినా తగ్గలేదు డాక్టరమ్మా."

ఆమె నవ్వు ఆపుకుని నెమ్మదిగా చెప్పింది. "తిన్న కొవ్వు అరగకపోతే ఇలా జిడ్డుగా పోతుంది. నూనె మరీ ఎక్కువ తిన్నప్పుడు ఒకటి రెండు సార్లు అవుతుంది, తగ్గిపోతుంది. రోజుల తరబడి జిడ్డుగా, పాలిపోయి, కంపు కొడుతూ పోతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. క్లోమంలోనో, పైత్యరసం వచ్చే దారిలోనో, పేగుల్లోనో జబ్బు ఉండవచ్చు, పరీక్షలు చేయాలి. నేను అడిగిన లక్షణాల్లో ఏది తోడైనా వెంటనే రావాలి. సరే, మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, లేదు."

డాక్టరమ్మ చెప్పినవి రాసుకోవడానికి పెన్ను కోసం రేవతి నా జేబులో చేయి పెట్టింది. పెన్నుతో పాటు మాత్రల అట్ట బయటికొచ్చింది.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది. "ఇది కొవ్వును అరగనివ్వదు. అరగని కొవ్వు అలాగే బయటికొస్తుంది. వాడినా డాక్టరును అడిగి, నూనె తగ్గించి తింటూ వాడాలి. మీరేం తిన్నారు?"

"నాటుకోడి, నెయ్యి, నెయ్యి కారే ఓళిగలు..." అని మామే లెక్క చెప్పాడు. రేవతి నా వైపు చూసిన చూపుకు ఏ డాక్టరు దగ్గరా మందు లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అరిగించుకోలేక గానుగ ఓడన్నవాణ్ని నేను.

సాయంత్రం నన్ను గానుగ పక్కన నిలబెట్టారు. మామ కబురు పెడితే పొద్దుటి జనమంతా మళ్లీ వచ్చారు. "తప్పు నాది. మామ నూనెది కాదు. దొంగతనంగా మాత్రలు మింగినాను" అని గొంతెత్తి చెప్పాను. పెద్దామె ఇంకా అనుమానంగానే చూసింది. "అయితే నూనె మంచిదేనంటావా గోవిందప్పా?"

మామ నా భుజం మీద చేయి వేశాడు. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. "ఇంకా అనుమానమా అక్కా? మా అల్లుడి కడుపులో రెండు రోజులుండి కూడా సెడకుండా వచ్చినాది. ఇంతకంటే సాక్ష్యం యాడ దొరుకుతాది?"

ఆ చెక్క గానుగ మీద చేయి వేసి నేను ప్రమాణం చేశాను. ఇకపై ఏ మాత్రనూ కాగితం చదవకుండా మింగను, డాక్టరు అడిగితే దాచను. కక్కూసులో ఏ వింత కనబడినా ముందు డాక్టరుకే చెబుతాను, క్యాన్లు పట్టుకున్న వాళ్ల ముందు మాత్రం నోరు విప్పను. బావమరిది పెళ్లిలో పట్టు చొక్కా గుండీలు పెట్టుకోకుండానే తిరిగాను.