తల్లికి చూపని చోటు

మీ ఇంట్లో పసిబిడ్డ పోతే, పూడ్చిన చోటు ఆ తల్లికి చూపించారా?

కొన్నేళ్ల కిందట, ఒక ఎండాకాలం. గుడియాత్తం దగ్గర పాత మట్టిదిబ్బను తవ్వుతున్నాం. ట్రెంచ్, అంటే కొలిచి తవ్విన గుంత. దాని గోడలో కనిపించే మట్టి పొరలను గీయడం నా పని. కొత్త రాతియుగపు తొలి రైతుల దిబ్బ అది. విత్తిన నేలను వదిలిపోలేని జనం ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ అక్కడే ఉండిపోయారు. చనిపోయినవాళ్లనూ అక్కడే పాతిపెట్టారు. ఈ నేల మాదని చెప్పుకోవడానికి వాళ్లకున్న పట్టా బహుశా అదే.

ఒకరోజు అలికిన నేల కింద కుండ బయటపడింది. లోపల పసికందు ఎముకలు. మట్టి జల్లెడ పడుతున్న మునెమ్మ వచ్చి తొంగిచూసింది. లుంగీలు నేసిన మనిషి. మగ్గం ఆగిపోయాక కూలికి వచ్చేది.

"ఇది ఇంట్లోనా నాయనా, బయటా?"

"ఇంట్లోనేనమ్మా. పొయ్యి పక్కన."

"అట్లయితే వాళ్లమ్మకు తెలిసుంటాది, బిడ్డ యాడుండాడో." తన బిడ్డ సంగతీ చెప్పింది: "నా పెద్దోడు పసిగుడ్డుగానే పోతే మా బావ ఎత్తుకపోయి పూడ్చినాడు. ఆడది రాకూడదనిరి. యాడ పెట్టిరో ఈపొద్దుకీ తెలీదు."

ఆమె భర్త అప్పటికే పోయాడు. చోటు తెలిసినవాడు విరించిపురంలో ఉన్న ఆ బావ ఒక్కడే. ఆదివారం ఆమెతో నేనూ వెళ్లాను.

చోటు చూపమని మునెమ్మ అడిగితే ముసలాయన మంచం మీద నుంచే నవ్వాడు. "ఇప్పుడేమి, పోయి పాలిస్తావా?"

"పాలు ఇంకేదాకా రొమ్ముకు గుడ్డ కట్టుకోని పడుకుంటిని బావా. ఆపొద్దు నన్నెవురడిగిరి?"

ఆయన లేచాడు. కర్ర అందుకుని పాలారు ఏటి గట్టుకు నడిచాడు. అంతా సీమతుమ్మ కంప.

"ఈడనే... కాదు, ఆపక్క. గుర్తుకు ఒక రాయుండె." చాలాసేపు వెతికాడు. "ఎవురూ అడగలేదేమ్మా. మరిచిపోతిని."

మునెమ్మ కదల్లేదు. కూర్చోమన్నాను.

"యాడ కూచునేది నాయనా? వాని మీద తొక్కుతానేమో."

తిరిగి వచ్చాక ఆ కుండ పైనున్న పొరలు గీశాను. నేలను మళ్లీ మళ్లీ అలికారు. అలికిన చెయ్యి తల్లిదో కాదో మట్టి చెప్పదు. ఆ బిడ్డను ఇంటికి దూరంగా దాచలేదని మాత్రం చెబుతుంది. ఇనుము కూడా ఎరగని మనుషులు వాళ్లు. ఇన్ని చదువులు చదివిన మనం మాత్రం ఆచారమని, తల్లికి దుఃఖం ఎక్కువవుతుందని వంక చెప్పి చోటు దాస్తున్నాం. చూస్తే ఏమవుతుంది? ఏడుస్తుంది. ఏడవనివ్వండి.

మీ ఇంట్లో ఆ చోటు తెలిసిన మగవాడు ఇంకా బతికే ఉన్నాడా? ఆయన మరిచిపోకముందే ఆ తల్లిని వెంటబెట్టుకుని వెళ్లండి. చోటు చూపించండి. ఆమెను అక్కడ కూర్చోనివ్వండి.