ఆరు కళ్ళవాడి నవ్వు

ఆ వీడియో రేసు గేముల్లో ఆరు కళ్ళవాడంటే ఆడేవాళ్ళకు హడల్. వేరే గ్రహం నుంచి వచ్చిన ఆ రేసరు, పక్క బండిని లోయలోకి నెట్టేసి మరీ పగలబడి నవ్వుతాడు. ఇప్పటికి వచ్చిన ఐదు భాగాల్లోనూ ఆ నవ్వు ఈ డబ్బింగ్ కళాకారుడిదే. బయట చూస్తే చీమను కూడా తప్పుకుని నడిచే మనిషి.

ఆరో భాగానికి కొత్త నవ్వు కావాలన్నారు. పొద్దుటి నుంచి రికార్డింగ్ గదిలో మైకు ముందు నిలబడే ఉన్నాడు. ఎన్నిసార్లు నవ్వినా దగ్గులాగే వస్తోంది.

"ఇవాళ కుదరకపోతే వేరే గొంతు చూసుకుంటారట బాబాయ్," అన్నాడు సౌండ్ ఇంజనీరు మొహమాటంగా.

"పాతదొకసారి వినిపించరా."

చెవుల్లో తన నవ్వే మోగింది. అది మొదటిసారి రికార్డు చేసిన రోజు ఈయనకు క్రూరంగా నవ్వడం చేతకాక తల పట్టుకుంటే, భోజనం డబ్బా తెచ్చిన భార్య గది అద్దానికి అవతల నిలబడి, కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకుని మూతి సున్నాలా చుట్టింది. ఐదుసార్లూ అలా ఆవిడే నవ్వించింది. "నన్ను చూసి నవ్వి లోకాన్ని భయపెడుతున్నారా?" అని దెప్పేది. ఆవిడ పోయి నాలుగు నెలలైంది.

ఆయన తన కళ్ళజోడు తీసి తలకిందులుగా పెట్టుకున్నాడు. మూతి చుట్టి అదే గది అద్దంలో తన నీడ చూసుకున్నాడు. ఆవిడకు కుదిరినట్టు కుదరలేదు. అందుకే నవ్వొచ్చింది. వచ్చింది చాలాసేపు ఆగలేదు. చివర్లో గొంతు జీరబోయింది.

"పాతదానికంటే భయంగా ఉంది బాబాయ్. ఆ ఆఖరి ముక్క కోసేయనా?"

"ఉండనీరా," అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు సరిచేసుకోవడం గుర్తు రాలేదు.