పెద్ద వకీలు భార్య ఎర్రబస్సు ఎక్కిన రోజు

తిరుపతిలో మా ఇంటికి మొదటి ఏసీ వచ్చినప్పుడు దాన్ని పడకగదిలో పెట్టలేదు. మా ఆయన ఆఫీసు గదిలో పెట్టించాడు. మే నెల మధ్యాహ్నాల్లో నేను వంటింట్లో ఉడికిపోతుంటే, ఆ గదిలో అద్దాల బీరువాల నిండా బంగారు అక్షరాల లా పుస్తకాలు చల్లగా కూర్చునేవి. వాటిలో సగం ఆయన తెరిచి చూసినవి కావు. కాలం చేసిన ఒక పెద్ద వకీలు ఇంటినుంచి సెట్టు సెట్టుగా కొనుక్కొచ్చినవి. "క్లయింటు లోపలికొస్తానే వానికి చలి పుట్టాల" అనేవాడు. తమాషాకు అంటున్నాడని మొదట్లో నవ్వేదాన్ని. తమాషా కాదు, ఆయన నిజంగానే నమ్మాడు.

నేనూ లా చదివాను. పెళ్ళయిన కొత్తలో చిత్తూరు కోర్టులో ఇద్దరం ప్రాక్టీసు చేసేవాళ్ళం. ఆయనవి భూమి దావాలు, నావి మనోవర్తి కేసులు. పుత్తూరు పక్క పల్లెలో చెరకు రైతు ఇంట పుట్టిన మనిషి, కష్టజీవి. రేణిగుంట చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక ఒక కంపెనీ ఆయన్ని న్యాయ సలహాదారుగా పెట్టుకుంది. దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి. చిత్తూరులో కాపురం ఎత్తేసి తిరుపతికి వచ్చేశాం.

కంపెనీ వకీళ్ళని అప్పటికి ఊళ్ళో కొన్ని కుటుంబాలే ఉండేవి. ఆదివారం భోజనాలు వంతులవారీగా ఒక్కొక్కరింట్లో. భోజనాలని పేరేగాని, ఎవరింట్లో ఏం కొత్తగా చేరిందో చూసి రావడమే అసలు పని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, వచ్చే కాల్‌కు కూడా డబ్బు పడేది. అయినా మోగగానే ఎత్తేవారు కాదు, పక్కవాడు వినాలిగా. ఒకాయన కుడిచేతికి విదేశీ వాచీ పెట్టుకుని, దానికి సాంబారు అంటకుండా చెయ్యి ఎత్తి ఎత్తి తినేవాడు. మేం ఆడవాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? ఈ నెల ఒకామె చెవులకు ఏడు రాళ్ళ కమ్మలు మెరిస్తే, వచ్చే నెలకు ఇంకొకామె చెవుల్లో అంతకన్నా పెద్ద రాళ్ళు దిగేవి. నా చెవుల్లోకీ దిగాయి. బరువుకు తమ్మెలు సాగి, సాయంత్రానికి తల నొప్పి పుట్టేది.

ఆ ఇళ్ళల్లో అన్నిటికన్నా ఖరీదైనది మాత్రం పని చెయ్యని భార్య. ఎవరి భార్యా ఉద్యోగం చేసేది కాదు. చేస్తే మొగుడి సంపాదన చాలడం లేదని అర్థం. ఈ మాట ఎవరూ నాతో అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. కంపెనీ పెద్దలు కుటుంబాలతో వస్తే వాళ్ళను కొండకు తీసుకుపోవడం నా వంతయింది. సిఫారసు ఉత్తరం సంపాదించి, స్వామిని ఎంత దగ్గర్నుంచి చూపిస్తే మా ఆయన అంత పెద్ద వకీలు. అట్లా నా కేసులు ఒక్కొక్కటే చేయి జారిపోయాయి.

ఒక్క కేసు మాత్రం వదల్లేదు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి పోయే ఒకామె. ఆమె భర్త తిరుపతిలో ఏదో లాడ్జిలో గుమాస్తా. ఆడపిల్ల పుట్టాక వీళ్ళిద్దరినీ పుట్టింట దింపేసి మళ్ళీ తిరిగి చూడలేదు. ఆమె నా దగ్గరికి వచ్చిన రోజున "వాడు నాకొద్దమ్మా, బిడ్డకు తిండి పెట్టిస్తే సాలు" అంది. ఏడవకుండా, బేరమాడకుండా ఆ ఒక్క ముక్క చెప్పి కూర్చుంది. ఆ కేసు గెలవాలని నాకు పట్టుదల. నేనింకా వకీలునేనా కాదా అన్నది కూడా దానిమీదే ఆధారపడి ఉందని నాకు లోలోపల తెలుసు.

వాయిదాలకు ఎప్పుడూ కారు స్టేషన్లో దింపితే రైల్లో పోయేదాన్ని. ఒక వాయిదా రోజున మా కారు రేణిగుంట విమానాశ్రయానికి పోయింది, రైలు అందలేదు. బొంబాయి నుంచి కంపెనీ డైరెక్టరు కుటుంబంతో దిగుతున్నాడు. నేను తెల్లచీర కట్టుకుని, నల్లకోటు మడిచి చేతి మీద వేసుకుని బస్టాండుకు పోయి చిత్తూరు బస్సెక్కాను. చంద్రగిరి దాకా నిలబడే ఉన్నా. అక్కడ సీటు దొరికింది. ఎన్నాళ్ళ తర్వాతో కిటికీ పక్కన కూర్చున్నానని ప్రాణం హాయిగా ఉంది. అంతలో బస్సు పక్కనే ఒక కారు ఆగింది. లోపల మా ఆదివారం భోజనాల ఆవిడే ఒకామె. నేను నవ్వి చెయ్యి ఊపాను. ఆవిడ నవ్వలేదు, నోరు తెరిచి చూస్తూండిపోయింది.

ఆదివారానికల్లా ఈ సంగతి ఊరంతా పాకింది. భోజనాల దగ్గర ఒకాయన మా ఆయన్ని అందరి ముందూ అడిగాడు: "ఏమప్పా, కారు అమ్మేస్తివా? ఇంటామెను బస్సులో తిప్పుతా ఉండావంటనే!" అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం చొక్కా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు.

"నువ్వు బస్సెక్కినేది తప్పని నేననను. నేనూ బస్సులో పోయి సదువుకున్నోన్నే," అన్నాడు. "కానీ వాళ్ళు అట్ల సూడరు. ఒక బ్యాంకోళ్ళు ఈ నెల్లో ఫైళ్ళు ఇస్తామనిరి. ఇప్పుడడిగితే సూద్దాం లెండి అంటా ఉండారు. కేసు ఓడిపోతే ఇంకో కేసిస్తారు. మనం కిందికొచ్చినామనుకుంటే ఫోను గూడా చెయ్యరు."

"అయితే నన్ను కోర్టు మానుకోమంటారా?"

"మానుకోమని నేనంటినా? కార్లో పో. డ్రైవర్ని తీసుకోని పో. నాకు పనుంటే టాక్సీ పెట్టుకుంటా."

ఆ మాటకు నాకు సంతోషమైంది. మానుకోమనలేదు కదా అనుకున్నాను. ఆయన మంచివాడే. చెడ్డవాడైతే నాకు ఇంత చిక్కు ఉండేది కాదు.

తర్వాతి వాయిదాకు కార్లో వెళ్ళాను. పొడవాటి తెల్లటి కారు, కొని ఏడాది కూడా కాలేదు. కోర్టు గేటులో అది తిరగడానికి స్టాంపులమ్మే ఆయన తన బల్ల పక్కకు జరుపుకోవాల్సి వచ్చింది. నా క్లయింటు, ఆమె తల్లి టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పుడూ ఎదురొచ్చి నా సంచి అందుకునే మనిషి ఆ రోజు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"ఇది మీదేనామ్మా?" అంది.

"మా ఆయనది" అన్నాను. ఆ జవాబు నాకే అతకలేదు.

ఆ రోజు ఆమె సాక్ష్యం. అవతలి వకీలు ప్రశ్నలన్నీ అయ్యాక, కూర్చోబోతూ, ఏదో గుర్తొచ్చినవాడిలాగా అడిగాడు: "మీ ప్లీడరమ్మ ఈ పొద్దు ఏ బండిలో వచ్చినారమ్మా?" నేను లేచి అభ్యంతరం చెప్పాను. ఆ ప్రశ్న రాసుకోవద్దన్నారు మేజిస్ట్రేటు గారు. "అట్లే సార్, వదిలేస్తా. అంత కారుండే ప్లీడర్ని పెట్టుకున్న మనిషికి మనోవర్తి ఏమిటికని అడగాలనుకుంటి, అంతే" అని ఆయన కూర్చున్నాడు. వెనక బెంచీల మీద నవ్వులు లేచాయి. సాక్షి బోనులో ఆమె తల వంచుకుంది. నేను ఆమె దగ్గర ఫీజే తీసుకోవడం లేదని గొంతు దాకా వచ్చింది. అది చెబితే ఇంకొక డాబులాగే వినపడుతుంది, మింగేశాను.

ఆ తర్వాతి వాయిదాకు కారును వీధి చివరే ఆపించి నడిచి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. వరండాలో ఆమె పక్కన కొత్తగా కోటు తొడిగిన కుర్ర వకీలొకడు నిలబడి ఉన్నాడు. అతని చేతిలో కొత్త వకాలతు. మా వృత్తిలో వకీలును మార్చాలంటే, అభ్యంతరం లేదని పాత వకీలు దానిమీద సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం వచ్చారు.

"కోపం చేసుకోవద్దండమ్మా," అంది ఆమె. "మీరు మాకు యే లోటూ చెయ్యలేదు. కానీ ఆ పొద్దు కోర్టులో అన్న మాట, వాయిదాకొచ్చిన నా మొగుడు పోతా పోతా మా వీదిలో అందరికీ చెప్పినాడు. అంగట్లో అప్పు బియ్యమడిగితే, నీకేమ్మా, కారుండే ప్లీడర్ని పెట్టుకోని ఉండావంటారు. రేపు జడ్జి గూడా అట్లే అనుకుంటే నా బిడ్డ గతేంది?" కుర్రవాడి వైపు చూపించి, "ఈయన సైకిల్లో వస్తాడమ్మా" అంది.

ఆమె చెప్పినదాంట్లో నేను కొట్టిపారేయగలిగింది ఒక్కటీ లేదు. నేనే ఆమె వకీలుగా సలహా ఇవ్వాల్సి వస్తే, మార్చుకోమనే చెప్పేదాన్ని. వరండా గోడ మీద కాగితం ఆనించి సంతకం పెట్టాను. ఇంకా అడగాల్సిన సాక్షి ఎవరో, అతణ్ణి ఏం అడగాలో కుర్రవాడికి చెప్పాను. అతను వినయంగా తల ఊపాడు. ఆమె నాకు దండం పెట్టింది. నేనూ పెట్టాను.

ఇంటికి చేరేటప్పటికి మా ఆయన ముందే వచ్చి ఉన్నాడు. బ్యాంకు ఫైళ్ళు వచ్చాయని చెప్పి, "నీ కేసేమాయె?" అని అడిగాడు. ఆమె వకీలును మార్చుకుందని చెప్పాను. ఆయన నా పక్కన కూర్చుని, "పోనీలే, ఆ దూరాబారం తిరిగి తిరిగి నువ్వూ అలిసిపోయినావు" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. నన్ను ఓదార్చాలనే అన్నాడు. కానీ అంటున్నప్పుడు ఆయన ముఖం తేటబడింది, ఎన్నో నెలల భారం దిగిపోయినట్టు. అది నేను చూశాను. బస్సు మాన్పించినందుకు, కారులో పొమ్మన్నందుకు ఆయన్ని ఎప్పుడో క్షమించేశాను. ఆ ముఖాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు.