మా జట్టు ఎందుకు ఓడిపోతోంది

మూడో మ్యాచ్ కూడా ఓడిపోయాక, ఉయ్యూరు నుంచి విజయవాడ వచ్చే బస్సులో మా మామయ్యగారు కంకిపాడు దాకా నోరు విప్పలేదు. కంకిపాడు దాటాక ఇక ఆపలేదు.

"వాడికి ఒళ్ళు బరువెక్కిందమ్మా. కెప్టెన్ని చేశారుగా, ఇంక పరిగెత్తే పనేముంది? నించున్న చోట నించుని చేతులూపుతున్నాడు. బంతి పక్కనుంచి పోతుంటే దిక్కులు చూస్తాడేంటి వాడు?"

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఇంటి గొడవేదో అనుకుని ఉంటుంది. ఆయన తిడుతున్నది మా ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ని.

మా జట్టంటే ఉయ్యూరు జట్టు. జిల్లా లీగులో ఆడుతుంది. మామయ్యగారు ఉయ్యూరులో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు, వయసులో ఉన్నప్పుడు ఆ జట్టుకే ఆడారు. మా అత్తయ్యగారు పోయాక ఆదివారాలు ఆయనకి గడవడం కష్టమైంది. మా ఆయనకి క్రికెట్ తప్ప మరో ఆట ఆటే కాదు. అందుకని నేను తోడు వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట్లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూడా తెలియక ఆయన్ని విసిగించేదాన్ని. ఇప్పుడు గవర్నర్‌పేటలో మా ఇన్సూరెన్స్ ఆఫీసులో లంచ్ వేళ అందరూ సీరియళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే నేను ఫోన్లో మా జట్టు గోల్స్ చూసుకుంటాను. పిచ్చి అంటే అంటారు.

కిందటేడు మేము లీగులో రెండో స్థానంలో నిలిచాం. ఈ ఏడు వానలు తగ్గి లీగు మొదలయ్యేసరికి కప్పు మాదే అనుకున్నాం. వరసగా మూడు ఓటములు. మూడూ ఒకేలాంటి ఓటములు: సగం ఆట దాకా బాగానే ఆడతారు, ఆ తర్వాత ఒక పిచ్చి గోల్ ఇస్తారు, దాంతో చేతులెత్తేస్తారు.

ఎందుకిలా అని ఎవరి లెక్క వాళ్ళు చెప్పారు. కోచ్ మన గోల్ దగ్గర్నుంచే చిన్న చిన్న పాసులతో ఆడమంటున్నాడు, ఈ బురద గ్రౌండులో అది కుదరదని కొందరు. కొత్త గోల్‌కీపర్‌కి అనుభవం లేదని కొందరు. నాకైతే మధ్యలోనే లోపం కనిపించింది. కిందటేడు మిడ్‌ఫీల్డ్ అంతా ఒక్కడే మోశాడు. అతనికి విశాఖపట్నంలో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు. ఆ చోట్లో ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదు. అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఇదే రాశాను. ఒకాయన బొటనవేలి బొమ్మ పెట్టాడు. మిగతావాళ్ళందరూ అప్పటికే కెప్టెన్ మీద పడ్డారు. బద్ధకం అన్నారు, పొగరన్నారు. మూడో మ్యాచ్ తర్వాత ఎవరో ఒక్క మాట రాశారు: 'అమ్ముడుపోయాడు.'

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కెప్టెన్ మామయ్యగారి దగ్గర చదువుకున్నవాడే. చెరకు పండించే కుటుంబం. పెళ్ళయింది, ఒక పాప. నన్ను అక్కా అంటాడు. డిఫెన్స్‌లో మధ్యన నిలబడి పదిమందినీ నడిపించేవాడు. అలాంటివాడు డబ్బు తీసుకుని ఓడిపోతాడంటే నమ్మలేకపోయాను. అలాగని కొట్టిపారేయడానికీ నా దగ్గర ఏమీ లేదు. గోల్స్ చూస్తే నిజంగానే తప్పు అతనిదిలాగే ఉంది.

అందుకని ఆ వారమంతా ఆఫీసులో ఆ గోల్స్‌నే మళ్ళీ మళ్ళీ చూశాను. మా గ్రూపులో ఒకాయన ప్రతి మ్యాచ్‌కీ మా గోల్ వెనకాల నిలబడి వీడియో తీస్తాడు. అందుకే గోల్‌కీపర్ అరుపులు స్పష్టంగా వినిపిస్తాయి. ఒక వీడియోలో బంతి ఎత్తుగా వస్తోంది. గోల్‌కీపర్ "నాదీ! వదిలెయ్ అన్నా!" అని గొంతు చించుకుంటూ ముందుకొస్తున్నాడు. కెప్టెన్ చటుక్కున తల కుడివైపు తిప్పాడు. గోల్‌కీపర్ వస్తున్నది ఎడమవైపు నుంచి. తేరుకునేలోపు బంతి అతని తలకి తగిలి గోల్‌కీపర్ మీదుగా వలలో పడింది. ఇంకో వీడియోలో ఎడమ పక్కనుంచి ఎదుటి జట్టువాడు దూసుకొస్తుంటే మనవాళ్ళంతా "వస్తున్నాడు, వస్తున్నాడు!" అని అరుస్తున్నారు. కెప్టెన్ మళ్ళీ కుడివైపే చూశాడు.

అరుపు వినిపిస్తోంది. ఎటునుంచో తెలియడం లేదు. అది అర్థమయ్యాక నా ముందున్న అన్నం తినబుద్ధి కాలేదు.

కెప్టెన్ వన్ టౌన్‌లో వాళ్ళ బాబాయి ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ షాపులో పనిచేస్తాడు. ఇంట్లోకి డబ్బాలు కావాలన్న వంకతో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. నన్ను చూసి నవ్వుతూ లేచాడు. "మీరొచ్చారేంటక్కా, ఫోన్ చేస్తే పంపేవాణ్ణిగా. రండి, టీ తాగుదాం" అని వీధిలోకి నడిచాడు. ఆ వీధి సంగతి తెలిసిందేగా, ఒక ఆటో వస్తే మనిషి గోడకి అంటుకోవాలి. ఎడమవైపు నుంచి మూటలేసుకుని తోపుడుబండి వస్తోంది. బండతను "జరగండి, జరగండి" అని కేకేస్తున్నాడు. కెప్టెన్ కుడివైపు చూసి, ఏమీ కనపడక, తప్పుకుంటున్నాననుకుని సరిగ్గా బండికి అడ్డంగా అడుగేశాడు. చొక్కా పట్టుకుని లాగాను.

టీకొట్టు దగ్గర రెండు గ్లాసులు చేతికొచ్చాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏదక్కా?"

"ఎడమ చెవి."

చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"ఎండాకాలంలో గవదబిళ్ళలు వచ్చినయ్యి కదక్కా. ఈ వయసులో ఇదేంటని ఇంట్లో అందరూ నవ్వారు కూడా. జ్వరం తగ్గిపోయింది. పొద్దున లేచేసరికి ఈ చెవిలో ఏ చప్పుడూ లేదు. అదే తగ్గుద్దిలే అనుకున్నా. చాన్నాళ్ళకి మీ గవర్నర్‌పేటలోనే డాక్టర్‌కి చూపిస్తే నరం దెబ్బతిందన్నారు. మొదట్లోనే వచ్చుంటే ఏమన్నా చేసేవాళ్ళమేమో, ఇప్పుడేం లేదన్నారు."

"రెండో చెవి బానే ఉందిగా?"

"వినపడుద్దక్కా. అన్నీ వినపడతయ్యి. కానీ అన్నీ కుడివైపు నుంచే వచ్చినట్టు ఉంటయ్యి."

"కోచ్‌కి చెప్పలేదా?"

"చెప్తే తీసేస్తారు. తీసేస్తే నాకింకేముందక్కా? వారమంతా బకెట్లూ మగ్గులూ. ఆదివారం ఒక్కటేగా నాది."

మరి జట్టు ఓడిపోతోంది కదా అని అడగబోయాను. అతనికి తెలియని సంగతి కాదు. ఆ మాట మింగేశాను.

"నేనెవరికీ చెప్పను. కానీ నువ్వే చెప్పు. గ్రూపులో ఏమంటున్నారో చూస్తున్నావుగా."

"అననీయండి. మాస్టారికి మాత్రం చెప్పొద్దక్కా. ఆయన తిడితే పర్లేదు. జాలిపడితే నేను తట్టుకోలేను."

డబ్బాలు కొనకుండానే ఇంటికొచ్చాను. ఆ వారం నాకు చాలా బరువుగా గడిచింది. రోజూ భోజనాల దగ్గర మామయ్యగారు కెప్టెన్ని ఏకిపారేస్తుంటే "పోనీలెండి మామయ్యగారూ, మిడ్‌ఫీల్డ్‌లో ఎవరూ లేకపోతే అతనొక్కడే ఏం చేస్తాడు" అనేదాన్ని. "నువ్వెందుకమ్మా వాణ్ణి వెనకేసుకొస్తావు?" అనేవారు. చెప్పేస్తే తిట్లు ఆగుతాయి, ఆటా ఆగుతుంది. చెప్పకపోతే రెండూ సాగుతాయి. ఏది మేలో నాకు తేలలేదు.

నాలుగో మ్యాచ్ మా గ్రౌండులోనే. అతను ఎవరికీ చెప్పలేదని టీమ్ దిగగానే తెలిసింది. చేతికి కెప్టెన్ పట్టీ, డిఫెన్స్‌లో అదే మధ్య చోటు. ముందురోజు కురిసిన వానకి ఒక మూల నీళ్ళు నిలిచాయి, అక్కడ కొంగలు వాలి ఉన్నాయి. రెండో సగంలో మళ్ళీ అదే జరిగింది. గోల్‌కీపర్ ఒకవైపు నుంచి అరిచాడు, కెప్టెన్ ఇంకోవైపు చూశాడు, బంతి ఇద్దరి మధ్యనుంచి లోపలికి దొర్లింది.

మా చుట్టూ ఉన్న మెట్లమీద జనం లేచారు. మామయ్యగారూ లేచారు. "నిద్రపోతున్నావేంట్రా!" అని ఆయన అరుస్తుండగానే, పక్కనుంచి ఎవరో నీళ్ళ సీసా విసిరారు. అది కెప్టెన్ ఎడమ భుజానికి తగిలింది. వెంటనే అతని పేరు పెట్టి కేకేశారు. కెప్టెన్ గిర్రున కుడివైపు తిరిగాడు. అటు మనుషులెవరూ లేరు. నీళ్ళూ, కొంగలూ ఉన్నాయి. వాటివైపే చూస్తూ, తిట్టిందెవరా అని వెతుకుతున్నాడు.

"ఎటు చూస్తావురా? నీకు డబ్బులిచ్చినోడు ఇటున్నాడు!" అని ఎవడో అన్నాడు. మెట్లన్నీ గొల్లుమన్నాయి.

మామయ్యగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా కూర్చున్నారు.

"వాడికి ఎడమ చెవి వినపడట్లేదా అమ్మా?"

నేను కొంగలవైపు చూశాను.

"నీకు తెలుసా?"

"మీకు చెప్పొద్దన్నాడు మామయ్యగారూ."

"ఇందాకట్నించి నేను తిడతానే ఉన్నాను కదమ్మా" అన్నారు, నన్ను కాదు, ఎవర్నో అడుగుతున్నట్టు. ఆ తిట్లన్నీ అతనికి వినిపించే ఉంటాయి. ఎటునుంచి వస్తున్నాయో మాత్రం తెలిసి ఉండదు. 

ఆట అయ్యాక జనం వెళ్ళిపోయారు. కెప్టెన్ గోల్ స్తంభం పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. మామయ్యగారు వెళ్ళి అతని పక్కన చతికిలబడ్డారు. ఒకసారి చూసుకుని, లేచి, కుడిపక్కకి వచ్చి కూర్చున్నారు. అతను నావైపు చూశాడు. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే తిట్టడం మానేస్తారని, మాస్టారూ."

మామయ్యగారు నవ్వలేదు. రెండు గడ్డిపోచలు పీకారు. ఆ తర్వాత "నేను లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ణి, తెలుసుగా" అన్నారు. "గ్రౌండుకి ఎడమ అంచు గీత పక్కన నించుంటే ఆ గీతకి అవతల నీతో మాట్లాడేవాడెవడుంటాడు? నీ వాళ్ళంతా కుడివైపే. పోయిన చెవి గీతకేసి పెట్టు. అక్కడ ఆడు. కానీ రేపు పొద్దున్నే వెళ్ళి కోచ్‌కి నీ నోటితో చెప్పు. నేను చెప్పను."

కెప్టెన్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

మర్నాడు చెప్పాడట. కోచ్‌కి కోపమొచ్చింది. ఇన్నాళ్ళు దాస్తావా, జట్టంటే నీ ఒక్కడిదా అని అందరి ముందూ అడిగాడట. అందులో అన్యాయమేమీ లేదు. కెప్టెన్ పట్టీ తీసి వేరే అతనికిచ్చారు. గోల్‌కీపర్ మాత్రం ఒక మూలకెళ్ళి కూర్చున్నాడట. వాడి మొర వేరు. "నామీద కోపంతో నా మాట పట్టించుకోవట్లేదనుకున్నా అన్నా. ఈ నెలతో మానేద్దామనుకున్నా" అన్నాడట. ఇది విన్నాకే కెప్టెన్‌కి తను దాచిన దానికి ఇంకొకరు కూడా నలిగారని తెలిసింది. నాకీ సంగతి చెప్పింది అతనే.

తర్వాతి మ్యాచ్‌కి అతన్ని పక్కన కూర్చోబెట్టారు. అతను లేకుండా ఆడి ఇంకా ఘోరంగా ఓడిపోయాం. ఆ పైవారం లెఫ్ట్ బ్యాక్‌గా దించారు. ఆ రోజు రెండు జట్లూ గోల్ చెయ్యలేదు. సీజన్‌లో మాకొచ్చిన మొదటి పాయింట్ అది. మామయ్యగారు గెలిచినంత సంబరపడి రెండు పొట్లాలు బఠాణీలు కొన్నారు. నాకూ ఆ సాయంత్రం ఊపిరాడినట్టయింది.

అక్కడితో అంతా చక్కబడిందంటే అబద్ధం. ముందుకి చూస్తూ ఆడినంతసేపూ ఆ చోటు అతనికి సరిపోతుంది. బంతి వెనక పరిగెత్తాల్సి వచ్చినప్పుడు అంతా తారుమారవుతుంది. మంచి చెవి గీతవైపు పోతుంది, మనుషులంతా పోయిన చెవి వైపుకొస్తారు. అప్పుడు తల మాటిమాటికీ తిప్పుకుంటాడు. ఒక్కోసారి ఆ తిప్పడంలోనే ఒక అడుగు వెనకబడతాడు. ఈ సీజన్ అయ్యాక మానేస్తానని ఈమధ్య అన్నాడు. మామయ్యగారు ఒప్పుకోలేదు, వాదించారు. నేను వాదించలేదు. ఎటు చెప్పాలో నాకింకా తెలియదు.

వాట్సాప్ గ్రూపులో 'అమ్ముడుపోయాడు' అని రాసినాయన ఆ మాట తీసేశాడు. క్షమించమని రాయలేదు. ఇప్పుడు కొత్త మాట వచ్చింది: చెవి వినపడనివాణ్ణి ఎందుకు ఆడిస్తున్నారు?

మొన్న ఆదివారం బందరులో మళ్ళీ ఓడిపోయాం. మిడ్‌ఫీల్డ్‌లో మనవాడు ఒకడు కాళ్ళ దగ్గరున్న బంతిని ఎదుటివాళ్ళకి అప్పగించాడు. వాళ్ళు తిన్నగా మధ్యనుంచి వచ్చి గోల్ కొట్టారు. లెఫ్ట్ బ్యాక్ ఆ దరిదాపుల్లో లేడు. అయినా బస్సెక్కేలోపే గ్రూపులో అతని మీద మాటలు మొదలయ్యాయి. నేను వీడియో పెట్టి, బంతి ఎక్కడ పోయిందో, ఎవరి కాలి దగ్గర పోయిందో, కిందటేడు అదే చోట ఎవరుండేవారో వివరంగా రాశాను. కిందటేడు వెళ్ళిపోయినవాడి చోటు ఇంకా ఖాళీగానే ఉందని, ఒక మనిషి చెవి బాగుపడినంత మాత్రాన ఆ చోటు నిండదని రాశాను.

అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఎవరూ జవాబివ్వలేదు.